హెలికాప్టర్ పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్): ముందు విమానం నేర్చుకోవాలా, నేరుగా మొదలుపెట్టొచ్చా?

తూనీగ:
అందరికీ నమస్కారం. ఎన్నాళ్లనుంచో ఉన్న కోరిక, ఈమధ్యే ఆర్22 అనే రెండు సీట్ల చిన్న హెలికాప్టర్‌లో ఒక ట్రయల్ ఫ్లైట్ తీసుకున్నాను. ముందుకు ఎగురుతున్నంతసేపూ బాగానే ఉంది, ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన ఎత్తు, వేగం దాదాపుగా పట్టుకోగలిగాను. కానీ నేలకు కొన్ని అడుగుల పైన నిలిపి సైక్లిక్ (ముందుకీ వెనక్కీ పక్కకీ నడిపే కర్ర) నా చేతికిచ్చేసరికి మిషన్ ముందుకీ వెనక్కీ పక్కకీ ఊగిపోయింది, ఆయన పట్టుకునేదాకా ఆగలేదు. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేట్ లైసెన్స్ వరకు చేద్దామని ఉంది, వృత్తిగా కాదు. ముందు విమానం లైసెన్స్ తీసుకుని తర్వాత మారితే చవకవుతుందని కొందరంటున్నారు, నిజమేనా? నిబంధనల్లో రాసిన 40 గంటల్లో నిజంగా పూర్తవుతుందా? ఇంకో టెన్షన్, ఇలా గాల్లో ఒకేచోట నిలపడం, హోవర్ అంటారే, అది అందరికీ వస్తుందా?

రోటర్‌గాలి:
హోవర్ వస్తుందండీ, దాని గురించి బెంగ పెట్టుకోకండి. నేను నేర్పే పనిలోనే ఉన్నాను, మొదటిరోజు అందరికీ ఇలాగే ఊగుతుంది. ఎందుకంటే మీరు సైక్లిక్ కదిపాక ముందు పైన తిరిగే రెక్కల చక్రం (రోటర్ డిస్క్) వంగుతుంది, ఆ తర్వాతే మిషన్ కదులుతుంది, ఆ మధ్యలో ఉన్న చిన్న ఆలస్యాన్ని చూసి ఏమీ కాలేదనుకుని ఇంకాస్త తోస్తారు, రెండూ కలిసి ఒకేసారి వచ్చిపడతాయి, వెంటనే ఎదురువైపు లాగుతారు, ఇక అది పెరుగుతూనే పోతుంది. ముంజేతిని తొడమీద ఆనించి, వేళ్లతో మాత్రమే పట్టుకోండి. కదపాలని కాదు, కాస్త ఒత్తిడి పెట్టాలని అనుకోండి. చూపు ముక్కు కింద నేలమీద కాకుండా దూరంగా ఉన్న చెట్టుమీదో కట్టడంమీదో పెట్టండి, దగ్గరకి చూస్తే ప్రతి చిన్న కదలికా పెద్దగా కనిపించి చెయ్యి బిగుసుకుపోతుంది.

మంచి ఇన్‌స్ట్రక్టర్ మూడు కంట్రోళ్లూ ఒకేసారి ఇవ్వడు. ముందు ముక్కుని అటూ ఇటూ తిప్పే పెడల్స్ మాత్రమే, తర్వాత పైకీ కిందికీ తీసుకెళ్లే లివర్ కలెక్టివ్, చివరికి సైక్లిక్. ఆర్22లో కలెక్టివ్ ఎత్తితే టార్క్ (రోటర్ తిరగడంవల్ల మిషన్‌ని ఎదురుదిక్కుకి తిప్పే బలం) పెరిగి ముక్కు కుడికి తిరుగుతుంది, ఎడమ పెడల్ నొక్కాలి, నొక్కితే మిషన్ పక్కకి జరుగుతుంది, దానికి సైక్లిక్ సర్దాలి. ఒకటి ముట్టుకుంటే మిగతా రెండూ కదులుతాయి కాబట్టే విడివిడిగా నేర్పాలి.

పాతకాపు:
విమానం ముందా అన్నదానికి నా మాట: మీకు కావలసింది హెలికాప్టరే అయితే నేరుగా దానికే వెళ్లండి. రేడియో, నావిగేషన్, వాతావరణం, చట్టాలు విమానంలో నేర్చుకున్నా పనికొస్తాయి, కాదనను. కానీ చేతికి పట్టే అలవాట్లు వేరు. విమానం స్టాల్ అవుతుంటే (రెక్కలు లిఫ్ట్ కోల్పోతుంటే) ముక్కు కిందికి తోయడం నేర్పుతారు. ఆర్22, ఆర్44 లాంటి రెండు బ్లేడ్ల రోటర్‌తో ఎగురుతూ సైక్లిక్‌ను ఒక్కసారిగా ముందుకు తోస్తే శరీరం తేలికైనట్టనిపించే లో-జి స్థితి వస్తుంది, మిషన్ కుడికి ఒరుగుతుంది, కంగారులో ఎడమకి లాగితే రోటర్ హబ్ (బ్లేడ్లు కలిసే భాగం) దాన్ని మోసే గొట్టమైన మాస్ట్‌కి కొట్టుకుని మాస్ట్ తెగిపోవచ్చు. చేయవలసింది ముందు సైక్లిక్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి రోటర్ మీద మళ్లీ బరువు పడనివ్వడం, ఒరుగును ఆ తర్వాతే సరిచేయాలి.

ఇంజన్ ఆగితే కలెక్టివ్ వెంటనే కిందికి దించాలి. ఆర్22 రోటర్ తేలిక, ఒకటి రెండు క్షణాలు ఆలస్యమైనా రోటర్ తిరిగే వేగం మళ్లీ తెచ్చుకోలేనంతగా పడిపోవచ్చు. ఈ కారణాలవల్లే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1995లో ఈ రెండు మోడళ్లకి ప్రత్యేక నిబంధన తెచ్చింది, ఒంటరిగా ఎగిరే సోలోకి ముందు ఆ మోడల్‌లోనే 20 గంటల డ్యుయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి) శిక్షణ ఉండాలంది. ఇంజన్ లేకుండా గాలికి తిరిగే రోటర్‌తోనే దిగడం, అంటే ఆటోరొటేషన్, మీకు ఎంత తొందరగా, ఎంత తరచుగా చేయిస్తారో అడగండి. నేనైతే స్కూల్‌ని దాన్నిబట్టే ఎంచుకుంటాను.

ఇక గంటలు. ఎఫ్‌ఏఏ కనీసం 40, యూరప్ నియంత్రణ సంస్థ ఈఏఎస్‌ఏ 45. చాలామందికి 60 దాటుతుంది. వారానికి కనీసం రెండుసార్లు ఎగరండి, నెలకొకసారి వెళ్తే ప్రతిసారీ హోవర్ దగ్గర్నుంచే మొదలుపెట్టాల్సి వస్తుంది, డబ్బంతా దానికే పోతుంది.

మూడురెక్కలు:
పాతకాపు గారు చెప్పింది నిజమే కానీ ఆర్22 ఒక్కటే దారి కాదు. దగ్గర్లో కాబ్రీ జి2 హెలికాప్టర్ ఉంటే చూడండి, మూడు బ్లేడ్లు, హబ్ మాస్ట్‌కి కొట్టుకునే (మాస్ట్ బంపింగ్) బెడద లేదు, రోటర్‌కి జడత్వం కూడా ఎక్కువ, అంటే వేగం అంత తొందరగా పడిపోదు. గంటకు ఖర్చు కాస్త ఎక్కువే. దాని రోటర్ ఆర్22కి ఎదురుదిక్కులో తిరుగుతుంది కాబట్టి కలెక్టివ్ ఎత్తినప్పుడు కుడి పెడల్ నొక్కాలి, తర్వాత ఆర్44కి మారితే పాదాలకి కొన్నాళ్లు తికమక ఉంటుంది.

తూనీగ:
చాలా థ్యాంక్స్ అండీ. లో-జి సంగతి నాకసలు తెలియదు. నా బరువు 92 కిలోలు, ఇన్‌స్ట్రక్టర్ కూడా దాదాపు అంతే. ఆర్22 సరిపోతుందా?

రోటర్‌గాలి:
సీటు పరిమితి 109 కిలోలు, అక్కడ ఇబ్బంది లేదు. మొత్తం బరువు 622 దాటకూడదు, అందులో ఖాళీ మిషనే 400 దాకా ఉంటుంది. మీరిద్దరూ 184. మిగిలింది 38 కిలోలు, అంటే 50 లీటర్ల పైచిలుకు పెట్రోలు. గంటకు 30 నుంచి 35 లీటర్లు తాగుతుంది, రిజర్వ్ (అత్యవసరానికి ఉంచే పెట్రోలు) తీసేస్తే గంట పాఠానికి సరిపోతుంది, దూరప్రయాణాలకి మాత్రం మధ్యలో దిగి నింపుకోవాలి. ఎండ ఎక్కువున్న రోజున, ఎత్తైన ప్రదేశంలో హోవర్‌కి పవర్ మిగులు కూడా తగ్గుతుంది, ఆరోజు లెక్క మీరే వేసి ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించండి. పరీక్షలోనూ అడుగుతారు.

పాతకాపు:
రెండు మాటలు మర్చిపోయాను. పైలట్లకి చేసే క్లాస్ 2 మెడికల్ పరీక్ష ముందే చేయించుకోండి, చూపులోనో గుండెలోనో అడ్డంకి ఏదైనా ఉంటే పది గంటలకి డబ్బు కట్టాక తెలియడం దారుణం. కోర్సు మొత్తానికి ఒకేసారి కట్టకండి, డిస్కౌంట్ ఎంత ఇస్తామన్నా సరే. అమెరికాలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ 2008లో దివాలా తీసినప్పుడు అప్పు చేసి మరీ ముందే కట్టేసిన విద్యార్థులు చాలామంది లైసెన్స్ లేకుండా మిగిలిపోయారు. ఎగిరిన గంటలకి ఎప్పటికప్పుడు కట్టే పద్ధతి ఉందేమో అడగండి, లేదంటే వేరే చోటు చూసుకోండి.