అప్‌డేట్: 'బీయింగ్' గొడవ చాలావరకు తేలింది

పోయిన వారం అడిగాను కదా, ఎవరైనా నన్ను చూసి నవ్వితే నచ్చదని ఇంగ్లీషులో చెప్పడానికి "ఐ హేట్ లాఫింగ్ ఎట్" అని రాస్తే ఎందుకు తప్పు అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

నా తికమకంతా తెలుగులో ఆలోచించడం వల్లే. మనం "నన్ను చూసి నవ్వితే నాకు నచ్చదు" అంటాం, "నవ్వబడటం" అని ఎవరూ అనరు. ఇంగ్లీషులో మాత్రం హేట్ తర్వాత ఉత్త లాఫింగ్ పెడితే నవ్వేది నేనే అయిపోతాను! నవ్వు నా మీద పడుతోందని చెప్పాలంటే "ఐ హేట్ బీయింగ్ లాఫ్‌డ్ ఎట్" అనాల్సిందే. చివరి 'ఎట్' కూడా వదలకూడదు, అది నేను రెండుసార్లు మింగేశాను. ఎంజాయ్, అవాయిడ్, మైండ్ తర్వాత కూడా ఇదే పద్ధతి: "హీ అవాయిడెడ్ బీయింగ్ సీన్" అంటే ఎవరి కంటా పడకుండా తప్పించుకున్నాడని.

రిమెంబర్ దగ్గర కాసేపు ఆగిపోయాను. "ఐ రిమెంబర్ బీయింగ్ టోల్డ్" అంటే నాకు ఎవరో చెప్పినట్టు గుర్తుంది. జరిగిపోయిన సంగతే అయినా 'హావింగ్ బీన్ టోల్డ్' అని సాగదీయక్కర్లేదట. హమ్మయ్య.

నీడ్ మాత్రం తిరకాసు. "ద షర్ట్ నీడ్స్ వాషింగ్" అన్నప్పుడు బీయింగ్ లేకుండానే 'ఉతకాలి' అనే అర్థం వచ్చేస్తుంది. చొక్కా తనంతట తాను ఏమీ ఉతకదు కదా! అక్కడ 'బీయింగ్ వాష్డ్' పెడితేనే తప్పు. కావాలంటే 'నీడ్స్ టు బి వాష్డ్' అనొచ్చు.

నిన్న పాత వాక్యాలు 10 తిరగరాశాను. 8 సరిగ్గా వచ్చాయి. తప్పిన రెండూ నీడ్‌వే.