డాలస్ నుంచి కొలరాడోకి ట్రైలర్ లాగాలి: 3.5 టర్బో కొనాలా, 5.0 వీ8 కొనాలా?

ఫ్రిస్కో సుబ్బు

రెండు వారాలుగా ఇంట్లో ఇదే గొడవ. ఇక్కడైనా తేలుస్తారని రాస్తున్నాను. వాడిన ఫోర్డ్ ఎఫ్‌-150 పికప్ ట్రక్కు కొందామని చూస్తున్నా. ఒకే డీలర్ దగ్గర రెండున్నాయి, రెండూ 2021వే, తిరిగిన మైళ్ళు కూడా ఇంచుమించు సమానం. ఒకటి 3.5 లీటర్ల ఎకోబూస్ట్, అంటే రెండు టర్బోలున్న ఆరు సిలిండర్ల వీ6. రెండోది 5.0 లీటర్ల ఎనిమిది సిలిండర్ల వీ8, టర్బో లేదు. కాగితం మీద రెండూ 400 హార్స్‌పవరే. టార్క్, అంటే తిప్పే బలం, మాత్రం టర్బోకి 500 పౌండ్-ఫీట్, వీ8కి 410.

జూన్‌లో మా అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. 6,500 పౌండ్ల క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని ఆరుగురం కొలరాడో కొండల్లోని ఎస్టెస్ పార్క్ వెళ్ళాలని ప్లాన్. మిగతా ఏడాదంతా ఆఫీసు, పిల్లల స్కూలు, కాస్ట్‌కో. కొన్న బండి పదేళ్ళు ఉంచుకుంటా. ఏది తీసుకోమంటారు?

హెమీ భక్తుడు

వీ8. స్టార్ట్ చేసి ఒకసారి సౌండ్ విను. ఆ తర్వాత ఈ థ్రెడ్ మూసేయొచ్చు.

డెన్వర్ బాబాయ్

సౌండ్‌తో కొండ ఎక్కలేం నాయనా.

సుబ్బూ, నేను పన్నెండేళ్ళుగా డెన్వర్‌లో ఉంటున్నా. మా ఊరే 5,280 అడుగుల ఎత్తు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, టర్బో లేని ఇంజిను ఆ పలచటి గాలితోనే సరిపెట్టుకోవాలి. వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం శక్తి పోతుందని లెక్క. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగులు దాటి ఉంటుంది. నీ 400 హార్స్‌పవర్ అక్కడికి చేరేసరికి 270, 280 మిగులుతుంది. వెనక మూడు టన్నుల ట్రైలర్ అలాగే ఉంటుంది, దాని బరువేం తగ్గదు.

టర్బో అలా కాదు. ఇంజిను వదిలే పొగ వేగంతో చక్రం తిప్పి, గాలిని కుక్కి లోపలికి పంపిస్తుంది. బయట గాలి పలచబడితే ఇంకాస్త గట్టిగా తిరుగుతుంది. ఎత్తులో అదీ కొంత నష్టపోతుంది కానీ చాలా తక్కువ. ఇంకోటి చూడు. 5.0లో ఆ 410 టార్క్ అందాలంటే 4,250 ఆర్‌పీఎం దాకా తిప్పాలి. 3.5లో 500 టార్క్ 3,100కే వచ్చేస్తుంది. ఎక్కుడులో వీ8 రెండు గేర్లు కిందకి దిగి గీ పెడుతుంటుంది, ఎకోబూస్ట్ వాడు పక్కనుంచి కబుర్లు చెప్పుకుంటూ పోతాడు.

మా కాకినాడలో కుర్రాళ్ళు బండికి పికప్ ఉందా అని అడిగేవాళ్ళు. ఇక్కడికొచ్చాక పికప్ అంటే బండే అని తెలిసింది. ఆ పాత అర్థంలో అడిగితే, కొండమీద పికప్ ఉన్న పికప్ టర్బోదే.

పానా పట్టినోడు

బాబాయ్ భౌతికశాస్త్రం తప్పు కాదు. కానీ సుబ్బు కొండమీద ఉండేది ఏడాదికి నాలుగైదు రోజులు. ఫ్రిస్కో ఎత్తు ఎనిమిది వందల అడుగులు కూడా ఉండదు. నాలుగు రోజుల కోసం పదేళ్ళపాటు రెండు టర్బోలు, ఇంటర్‌కూలర్, వాటికి పోయే ఆయిల్ పైపులు, కూలెంట్ పైపులు మోయాలా?

రోజూ బరువులు లాగి పొట్టపోసుకునేవాళ్ళకి కంపెనీలు ఏం ఇస్తున్నాయో చూడండి. ఫోర్డ్ పెద్ద ట్రక్కు సూపర్ డ్యూటీలో 2020లో పెట్టిన కొత్త పెట్రోలు ఇంజిను 7.3 లీటర్ల వీ8. పాతకాలపు పుష్‌రాడ్ పద్ధతి, టర్బో లేదు, 430 హార్స్‌పవర్. జీఎం హెవీ డ్యూటీలో 6.6 లీటర్లు, ర్యామ్‌లో 6.4. వాటికీ టర్బోలు లేవు. 8,500 పౌండ్లు దాటిన తరగతి పికప్‌లకి షోరూమ్ స్టిక్కర్ మీద మైలేజీ అంకె వేయనక్కర్లేదు మరి. ఆ అంకె కోసం పాకులాడాల్సిన తేలిక ట్రక్కుల్లోనే చిన్న ఇంజిను, పెద్ద టర్బో. పరీక్షలో బండి ఖాళీగా ఉంటుంది, బూస్ట్ (టర్బో కుక్కే అదనపు గాలి) పెద్దగా పడదు, మైలేజీ బ్రహ్మాండం. ట్రైలర్ తగిలించాక చూడు దాని తాగుడు.

లారీ ఓనరు కొడుకు

అన్నా, అదే హెవీ డ్యూటీ ట్రక్కుల్లో డీజిల్ సంగతి ఎందుకు మింగేశావు? ఫోర్డ్ పవర్ స్ట్రోక్, జీఎం డ్యూరామాక్స్, ర్యామ్ కమ్మిన్స్, మూడు డీజిల్ ఇంజిన్లూ టర్బోలే. పెట్రోలు వీ8 కన్నా ఎక్కువ బరువు లాగేవి అవే.

మా నాన్నకి తాడేపల్లిగూడెంలో రెండు లారీలుండేవి, రెండూ టర్బోవే. ఆయన డ్రైవర్లకి పెట్టిన రూలు ఒకటే. ఘాట్ ఎక్కాక టీకి ఆగితే ఇంజిను వెంటనే ఆపొద్దు, టీ చేతికొచ్చేదాకా ఐడిల్‌లో తిరగనివ్వాలి. ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ ఆగిపోతే మాడి బొగ్గవుతుంది. ఆ ఒక్క జాగ్రత్తకి తోడు ఆయిల్ దగ్గర కక్కుర్తి పడకపోతే చాలు, ఏళ్ళ తరబడి నడిచాయి.

పానా పట్టినోడు

తమ్ముడూ, డీజిల్ టర్బో వేరు, పెట్రోలు టర్బో వేరు. డీజిల్ ఎప్పుడూ కావలసినదానికన్నా ఎక్కువ గాలితో మండుతుంది, పొగ కాస్త చల్లగా ఉంటుంది. పెట్రోలులో ఫుల్ లోడ్ మీద టర్బో దగ్గర వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడి తగ్గించడానికే కంప్యూటర్ అదనంగా పెట్రోలు చల్లుతుంది. ట్రైలర్‌తో మైలేజీ పడిపోవడానికి అదో కారణం.

నా అనుభవం కూడా చెప్తా. కంపెనీ పేరెందుకులే. నా పాత టర్బో ట్రక్కు 90 వేల మైళ్ళ దగ్గర, చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు సెకన్లు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు మోగేది. వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే క్యామ్ ఫేజర్లు పోయాయన్నారు. ఇంజిను ముందు భాగమంతా విప్పి బిగించి నాలుగు వేల డాలర్ల బిల్లు చేతిలో పెట్టారు. (ఒట్టేసి చెప్పాలంటే అది టర్బో తప్పు కాదు. ఫేజర్లు వీ8లోనూ ఉంటాయి. అయినా ఆ రోజు నుంచి నాకు టర్బో అంటే మనసు విరిగింది.)

హెమీ భక్తుడు

అంకెల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒకటి అడుగుతా. 2025 మోడల్‌లో ర్యామ్ 1500 పికప్ నుంచి 5.7 హెమీ వీ8 తీసేసి 3.0 లీటర్ల రెండు టర్బోల హరికేన్ పెట్టారు. హెమీకి 395 హార్స్‌పవర్, 410 టార్క్. మామూలు హరికేన్‌కే 420, 469. ప్రతి అంకెలోనూ కొత్తదే ఎక్కువ. అయినా ఏమైంది? 2025 జూన్‌లో కంపెనీ తలొంచుకుని 2026 మోడల్‌కి హెమీ మళ్ళీ ఇస్తామంది. దీనికేమంటావు బాబాయ్?

డెన్వర్ బాబాయ్

కొనేవాడి చెవులకి నచ్చింది, కొన్నాడు. ట్రైలర్‌కి చెవులుండవు.

ఆస్టిన్ టండ్రా

మైలేజీ, సౌండ్ పక్కన పెట్టండి. సుబ్బు పదేళ్ళు ఉంచుకుంటానన్నాడు, అసలు విషయం అది. నాది 2022 టండ్రా, టయోటా పికప్. ఆ ఏడాదే టయోటా పాత 5.7 వీ8 ఆపేసి 3.4 లీటర్ల రెండు టర్బోల వీ6 తెచ్చింది. టార్క్ 401 నుంచి 479కి పెరిగింది. 2024 మేలో లక్ష పైచిలుకు బండ్లని వెనక్కి పిలిచారు. చూశారా, టర్బో పెడితే ఇంతే అని మా బంధువులంతా ఫోన్లు. రీకాల్ కాగితం చదివితే అందులో టర్బో ఊసే లేదు. ఇంజిను తయారీలో మర పట్టినప్పుడు రాలిన లోహపు రజను లోపల ఉండిపోయి మెయిన్ బేరింగులు దెబ్బతింటున్నాయట.

మరి 2025 ఏప్రిల్‌లో జీఎం 6.2 వీ8 సంగతేంటి? ఒక్క అమెరికాలోనే దాదాపు 6 లక్షల బండ్లు, 2021 నుంచి 2024 మోడళ్ళు. క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్లలో లోపాలు. దానికి టర్బో లేదు, పెద్ద ఇంజినే. తనిఖీలో బాగుందన్న వాటికి మునుపటికన్నా చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి పంపించారు. రెండు చోట్లా పోయింది ఇంజిను అడుగు భాగమే. పదేళ్ళ మన్నిక కావాలంటే టర్బో ఉందా లేదా అన్నదాని కన్నా, ఆ ఇంజిను ఏ ఏడాదిది, అప్పటికి దాని జబ్బులు బయటపడి కుదిరాయా అన్నది చూడాలి. ఆ లెక్కన సుబ్బు చూస్తున్న రెండూ పాతకాపులే. ఎకోబూస్ట్ ఎఫ్‌-150లోకి వచ్చింది 2011లో, ఈ 5.0 వచ్చింది కూడా అదే ఏడాది.

పానా పట్టినోడు

ఇది ఒప్పుకుంటా. ఇంకో మాట చేర్చండి. వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుందనే భయం కూడా ఈ రెండిటికీ తగ్గింది. వాల్వుల వెనక పెట్రోలు చల్లి కడిగే పోర్ట్ ఇంజెక్షన్‌ని 3.5కి 2017లో జోడించారు. 5.0కి అది మొదటి నుంచీ ఉంది, 2018లో దానికి తోడు నేరుగా సిలిండర్‌లోకి చల్లే డైరెక్ట్ ఇంజెక్షన్ వచ్చింది. కానీ బాబాయ్, ఎక్కడం గురించే చెప్పారు, దిగడం? టర్బోకి దిగుడులో బూస్ట్ ఉండదు, మిగిలేది 3.5 లీటర్లే. గేరు తగ్గించి వదిలితే 5.0 గట్టిగా పట్టి ఆపుతుంది, బ్రేకులు కాలవు.

డెన్వర్ బాబాయ్

ఇది మాత్రం నిజం. ట్రైలర్ లాగేటప్పుడు వాడే టో-హాల్ మోడ్ వేసుకుంటే 3.5 కూడా దిగుతుంది కానీ, పెద్ద ఇంజిను పట్టు వేరు.

హ్యూస్టన్ అక్క

ఇంతమంది ఇన్ని మాటలన్నారు, డ్రైవర్ తలుపు తీసి అక్కడున్న పసుపు, తెలుపు స్టిక్కర్ చదవమని ఒక్కరూ చెప్పలేదు.

నాది 3.5. ట్రైలర్‌తో గాలన్‌కి 9 మైళ్ళు. మా తమ్ముడి 5.0 అదే ట్రైలర్‌తో అదే 9. కాబట్టి మైలేజీ మీద కొట్టుకోకండి. ఏ ఇంజిను అయినా 6,500 పౌండ్లు లాగుతుంది. బండి మొయ్యగలదా అన్నది ప్రశ్న. సుబ్బూ, ట్రైలర్ బరువులో 12, 13 శాతం హిచ్ మీదే, అంటే బండికి ట్రైలర్ తగిలించే కొక్కెం మీదే కూర్చుంటుంది. అంటే 800 పౌండ్లు. బరువు పంచే హిచ్ ఒక 90. ఆరుగురు మనుషులు ఎంత? వెనక బెడ్‌లో ఏమేం పెడతారు? అన్నీ కూడి, ఆ స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని రాసిన అంకెతో పోల్చు. ఆ అంకె మోడల్‌ని బట్టి కాదు, బండి బండికీ మారుతుంది.

ఫ్రిస్కో సుబ్బు

అక్కా, ఇవాళ వెళ్ళి చూసొచ్చాను. మేమిద్దరం 310, పిల్లలిద్దరూ 130, అమ్మానాన్న 290. బియ్యం, కుక్కర్, కూలర్, జెనరేటర్ కలిపి 150. హిచ్ లెక్కతో మొత్తం 1,770 పౌండ్లు.

టర్బో బండి పై రకం. పైన పెద్ద అద్దం, లెదర్ సీట్లు, అన్నీ ఉన్నాయి. స్టిక్కర్ మీద 1,438. వీ8 బండి సాదాసీదాది. దాని మీద 1,712. రెండిట్లోనూ పట్టం!

అమ్మానాన్న విమానంలో డెన్వర్ వస్తే 1,480కి దిగుతుంది. అప్పుడు వీ8 సరిపోతుంది, టర్బో సరిపోదు. రేపు వీ8కే అడ్వాన్స్ కడుతున్నా. బాబాయ్, ఎయిర్‌పోర్ట్‌లో వాళ్ళని ఎక్కించుకుని రెండు రోజులు మీ ఇంట్లో ఉంచుకోగలరా?

హెమీ భక్తుడు

నేను మొదటి రోజే చెప్పాను.

డెన్వర్ బాబాయ్

నువ్వు చెప్పింది సౌండ్ గురించి.

సుబ్బూ, నిరభ్యంతరంగా రమ్మను, మీ పిన్ని సంతోషిస్తుంది. ఫ్లైట్ నంబరు పంపు. నువ్వు మాత్రం న్యూ మెక్సికో దాటేటప్పుడు రాటన్ పాస్ దగ్గర, 7,800 అడుగులు అది, కుడి లేన్‌లో ఉండి 45 మీద ఎక్కు. ఆర్‌పీఎం 5,000 చూపిస్తే కంగారు పడి కాలు తీయకు, ఆ ఇంజిను అలాగే ఎక్కుతుంది.