పాత బీరు నోట్స్‌లో మార్కులు ఇప్పుడు దిద్దాలా, అలాగే ఉంచాలా?

మిర్యాలగూడ నోట్‌బుక్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ధాన్యం కొనుగోలు చూస్తాను. 2016 చివరి నుంచి, తాగిన ప్రతి కొత్త క్రాఫ్ట్ బీరు గురించి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. నెలకు రెండుకు మించి తాగను. పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు మైక్రోబ్రూవరీలో (బీరు అక్కడే చేసి అమ్మే చోటు) ఒక గ్లాసు, ఇక్కడి వైన్స్‌లో ఏదైనా కొత్త సీసా కనిపిస్తే అదొకటి. అలా 190 దాకా అయ్యాయి. పేరు, రంగు, నురుగు, వాసన, రుచి గురించి నాలుగు ముక్కలు, చివర అయిదుకు ఇన్ని అని మార్కులు.

పోయిన నెల మా బామ్మర్దితో కలిసి కూర్చున్నాను. నేను ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసే చేదు రకం బీరు) తెప్పించుకుంటే వాడు ఆశ్చర్యపోయి ఫోన్ తీశాడు. నా నోట్‌బుక్ పేజీలు ఎప్పుడో ఫొటోలు తీసి పెట్టుకున్నాడట. "బావా, దీనికి నువ్వు రెండు మార్కులే వేశావు. నీ మాట మీద నేను ఇన్నేళ్లు దాని జోలికి పోలేదు" అన్నాడు. వాడు కోపంగా అనలేదు. కానీ నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నా రాత నమ్మి ఒక మనిషి ఏళ్ల తరబడి ఒక మంచి రుచికి దూరంగా ఉన్నాడు.

మర్నాడు నోట్‌బుక్ మొదటి నుంచి చదివాను. 2017 ఆగస్టు పేజీలో ఉంది: "వేపపుల్ల నమిలినట్టుంది. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశాను." అది అబద్ధం కాదు, ఆ రోజు నాకు తెలిసింది అంతే. ఇప్పుడు అదే బీరు ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు వచ్చేది బత్తాయి తొక్క వాసన. మాకు నిడమనూరు దగ్గర బత్తాయి తోట ఉండేది. పచ్చి కాయ తొక్కను గోటితో గీరితే సన్నగా నూనె చిమ్మి కళ్లు మండుతాయి చూడండి, అచ్చం ఆ వాసన. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆ వాసనను 2017లో ఆ గ్లాసులో నేను పట్టుకోలేకపోయాను. చేదు ఒక్కటే తెలిసింది. ఇవాళ రాస్తే నాలుగుకు తగ్గదు.

అన్ని పేజీలూ ఇలాంటివే అయితే ఇబ్బంది లేదు. 2018 మేలో ఇక్కడే కొన్న ఒక గోధుమ బీరు సీసాకు ఒకటిన్నర వేశాను. "చప్పగా ఉంది, తడిసిన అట్టపెట్టె వాసన" అని రాశాను. అదే పేరున్న సీసా 2022 డిసెంబరులో హైదరాబాద్‌లో తాగితే చాలా బాగుంది. ఇక్కడ మారింది నా నాలుకా, సీసానా? ఇక 2021 మేలో నాకు కరోనా వచ్చి నెల రోజులు వాసనే తెలియలేదు. ఆ తర్వాత కూడా చాన్నాళ్లు కాఫీ వాసన కాలిన రబ్బరులా వచ్చేది. ఆ సంవత్సరం చివరిలోగా రాసిన 11 నోట్స్ ఉన్నాయి, అన్నింటికీ తక్కువ మార్కులే. వాటిని ఏం చేయాలి?

మిల్లులో నాకు ఈ సందేహం ఎప్పుడూ రాలేదు. లాట్ వస్తే తేదీ, తేమ, తాలు రాస్తాం. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. నిన్న 19 ఉన్న ధాన్యం రెండు ఎండలకు 16కు దిగితే నిన్నటి చీటీ దిద్దం, కొత్త చీటీ రాస్తాం. రెండూ నిజమే కాబట్టి రెండూ ఉంటాయి. బీరు విషయంలో నేను చేసిన తప్పు ఏమిటంటే, తాగిన తేదీ రాశాను కానీ సీసా మీది ప్యాకింగ్ తేదీ ఒక్కసారి కూడా రాయలేదు.

మీలో ఇలా నోట్స్ రాసేవాళ్లు ఉంటే చెప్పండి. పాత మార్కులు కొట్టేసి కొత్తవి వేస్తారా? కింద ఇంకో నోట్ రాస్తారా? ఒకటి మారిస్తే మిగతా 189 కూడా మళ్లీ తూకం వేయాలి కదా అన్నది ఇంకో టెన్షన్.

పాలమూరు ట్యాంక్

అన్నా, మాది జడ్చర్ల. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక మైక్రోబ్రూవరీలో పని చేస్తున్నాను. మీ ప్రశ్న మాకు రోజూ ఎదురయ్యేదే. బోర్డు మీద పేరు ఒకటే ఉంటుంది, ట్యాంకులో ఉన్నది మాత్రం ప్రతిసారీ అచ్చంగా ఒకటి కాదు.

హాప్స్ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు, ఏడాదికి ఒకసారి కోతకు వచ్చే పంట. అమెరికా, జర్మనీల్లో ఆగస్టు, సెప్టెంబరుల్లో కోస్తారు. ఈ ఏడాది పంట వాసన పోయిన ఏడాదిలా ఉండదు, మీ ధాన్యం లాగానే. గోధుమ బీరులో అరటిపండు వాసన ఈస్ట్ నుంచి వస్తుంది. ఐసోఎమైల్ ఎసిటేట్ అనే పదార్థం, అరటిపండులో ఉండేదీ అదే. పులిసేటప్పుడు ట్యాంకు వేడి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే అరటిపండు పెరగడమో, లవంగం ముందుకు రావడమో జరుగుతుంది. కాబట్టి మీ 2018 నోట్, 2022 నోట్ ఒకే బీరు గురించి కాకపోవచ్చు.

ఇక తడిసిన అట్టపెట్టె. అది మీ నాలుక తప్పు కానే కాదు. బీరులోకి గాలి చేరి పాతబడితే వచ్చే వాసన అదే. వేడి దాన్ని తొందర చేస్తుంది. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి మార్పులు రెండు మూడు రెట్లు వేగంగా జరుగుతాయని మా పనిలో ఒక మోటు లెక్క. మే నెలలో మిర్యాలగూడ ఎండ నేను చెప్పాలా! లారీలో ఎన్ని రోజులు వచ్చిందో, గోదాములో ఎన్ని రోజులు ఉందో ఎవరికి తెలుసు. ఐపీఏ అయితే ఇంకా సున్నితం, మీరు చెప్పిన ఆ బత్తాయి వాసన ముందు పోతుంది, చేదు మిగులుతుంది. మీ 2017 ఐపీఏ కూడా పాతదై ఉండొచ్చు, అది కూడా ఆలోచించండి. ఎండ తగిలితే వచ్చే కంపు వేరు. అది ఆకుపచ్చ, తెల్ల సీసాల్లో త్వరగా వస్తుంది, గోధుమరంగు సీసా చాలా వరకు కాపాడుతుంది. వెన్న వాసన వచ్చినా, ఉడికిన మొక్కజొన్న వాసన వచ్చినా అవి తయారీలో లోపాలు. వాటిని మార్కుల్లో కలపకుండా "ఈ సీసాలో లోపం" అని విడిగా రాసుకోండి.

అసలు పేరు మారకుండా బీరు మారడం అన్నిచోట్లా ఉంది. బీరా 91 కంపెనీ వాళ్ల వైట్ అనే గోధుమ బీరు 2015లో వచ్చినప్పుడు బెల్జియంలో తయారయ్యేది, తర్వాత మన దేశంలోనే చేయడం మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ బ్రూవరీ 1975 నుంచి ఏటా క్రిస్మస్ ఏల్ అనే ఒక బీరు చేసేది. ప్రతి ఏడాదీ రెసిపీ వేరు, లేబుల్ మీది చెట్టు బొమ్మ కూడా వేరు. 2023లో ఆ బ్రూవరీ మూతపడింది. దాని గురించి "క్రిస్మస్ ఏల్, నాలుగు మార్కులు" అని సంవత్సరం లేకుండా రాస్తే ఆ నోట్ ఎవరికీ ఉపయోగపడదు.

మారింది నాలుకా, సీసానా అని తేల్చుకోవడానికి మేం చేసేది చెబుతాను. మూడు గ్లాసులు. రెండింట్లో ఒకే బీరు, ఒకదాంట్లో వేరేది. పోసేవాళ్లు వేరు, తాగేవాళ్లు వేరు. వేరుగా ఉన్నది ఏదో మీరు చెప్పాలి. ఊరికే చెప్పినా మూడుసార్లకు ఒకసారి తగులుతుంది, అందుకని నాలుగైదు సార్లు చేయండి. రంగు కనబడకూడదు, రెండు బీర్లూ ఒకే చల్లదనంలో ఉండాలి.

వనపర్తి

నేను కొట్టేసి కొత్తది రాస్తాను. మిమ్మల్ని అడిగేవాడు కౌంటర్ ముందు నిలబడి అడుగుతాడు. వాడికి ఇవాళ్టి మాట కావాలి, మీ తొమ్మిదేళ్ల ప్రయాణం కాదు. మీ బామ్మర్దికి జరిగింది అదే కదా.

నకిరేకల్ చెల్లి

అన్నా, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. మా నాన్న నకిరేకల్ దగ్గర కల్లు కోసం తాళ్లు గీసేవాడు. బీరు గురించి నాకు తెలిసింది కొంచెమే, కానీ మీరు అడిగింది చదువుతుంటే మా మండువ (కల్లు అమ్మే చోటు) గుర్తొచ్చింది.

మండువకు వచ్చినవాళ్లు కల్లు బాగుందా అని అడిగేవాళ్లు కాదు. ఏ చెట్టుది, పొద్దటిదా మాపటిదా అని అడిగేవాళ్లు. పొద్దున చెట్టు నుంచి దించిన లొట్టిలో (కుండలో) కల్లు తియ్యగా ఉంటుంది, అదే కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా ఉంటుంది. ఒక్కో కాలంలో ఒక్కో రకం తాళ్ల కల్లు వస్తుంది, పోద్దాటి కల్లు అయిపోయి పరుపుదాటి కల్లు మొదలయ్యే రోజుల్లో రుచి మారుతుంది. పెద్దమనుషులు ఒక గుక్క నోట్లో పెట్టుకుని "నిన్నటి లొట్టి కడగలేదు గదరా" అనేవాళ్లు. నాన్న చిన్నబుచ్చుకునేవాడు కాదు, మర్నాడు లొట్టి ఇంకోసారి కడిగి, ఎండబెట్టి కట్టేవాడు. ఆ మాట ఆ రోజు కల్లు గురించి. చెట్టు గురించి కాదు, నాన్న గురించి అసలే కాదు.

మీరు మార్కులు దిద్దితే ఆ 2017 ఆగస్టు రోజు పోతుంది. బత్తాయి వాసన మీకు ఎప్పుడు తెలిసిందో చెప్పడానికి ఇంకేం మిగలదు. నేనైతే ఆ పేజీ ముట్టుకోను. కరోనా తర్వాతి 11 పేజీల పక్కన మాత్రం ఎందుకు అలా రాశారో ఒక ముక్క రాస్తాను, లేకపోతే ఆ బీర్లు చేసినవాళ్లకు అన్యాయం.

మిర్యాలగూడ నోట్‌బుక్

అందరికీ థాంక్స్. ఆలస్యమైంది. యాసంగి ధాన్యం వస్తోంది, మిల్లు దగ్గర రాత్రి పదకొండు దాకా లారీలు కదలడం లేదు. కానీ పాలమూరు తమ్ముడు చెప్పింది చేశాను, అది చెప్పాలి.

2018లో ఒకటిన్నర వేసిన ఆ గోధుమ బీరే, ఒకే ప్యాకింగ్ తేదీ ఉన్న రెండు పెద్ద సీసాలు కొన్నాను. ఒకటి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాను. రెండోది మిల్లు ఆఫీసులో ఇనుప బీరువా మీద పెట్టాను. రేకుల షెడ్డు అది, మధ్యాహ్నం థర్మామీటర్ 43 చూపించింది. 24 రోజులు అలాగే ఉంచి, తర్వాత ఒక రోజంతా రెండింటినీ ఒకే ఫ్రిజ్‌లో పెట్టాను.

ఆదివారం బామ్మర్ది వచ్చాడు. మూడు స్టీలు గ్లాసులు తీసుకున్నాం, వాటిలో రంగు తెలియదు. అడుగున చాక్‌పీసుతో గుర్తులు పెట్టి, వంటింట్లో వాడు పోశాడు, నేను హాల్లో కూర్చున్నాను. ఒక్కో గ్లాసులో రెండు మూడు గుక్కలే. మధ్యలో నీళ్లు, నాలుగు మరమరాలు. మొదటిసారి తప్పు చెప్పాను, తొందరపడ్డాను. రెండోసారి తాగడం మానేసి ముందు వాసన చూశాను. మూడో గ్లాసు దగ్గర ముక్కు ఆగిపోయింది. వానలో తడిసి ఆరిన అట్ట. 2018లో నేను రాసింది అదే, మాటతో సహా. ఆ తర్వాత మూడుసార్లూ సరిగ్గానే చెప్పాను. అయిదుకు నాలుగు. ఫ్రిజ్‌లో ఉన్నదాంట్లో అరటిపండు, లవంగం రెండూ తెలుస్తున్నాయి. బీరువా మీద ఉన్నదాంట్లో రెండూ లేవు, చివర తేనె లాంటి మొద్దు తీపి మాత్రం ఉంది.

అంటే 2018లో నేను మార్కులు వేసింది వేడికి.

పాలమూరు ట్యాంక్

అన్నా, ఊరికే చెప్పుకుంటూ పోతే అయిదుకు నాలుగో అయిదో తగలడం నూటికి అయిదుసార్లు కూడా జరగదు. మీ ముక్కు బాగుంది, నమ్మండి. ఇప్పుడు తాజా ఐపీఏ ఒకటి, రెండు నెలల పాతది ఒకటి పెట్టి ఇలాగే చూడండి. మీ 2017 సంగతి కూడా కొంత తెలుస్తుంది.

మిర్యాలగూడ నోట్‌బుక్

తప్పకుండా చూస్తాను తమ్మీ. ఈలోగా నోట్‌బుక్‌లో ఏం చేశానో చెబుతాను, వనపర్తి గారి మాటకు జవాబు కూడా అందులోనే ఉంది.

పాత అక్షరం ఒక్కటీ కొట్టలేదు. 2018 పేజీ కింద ఆకుపచ్చ పెన్నుతో "వేడిలో నిలవ ఉన్న సీసా అనుకుంటున్నాను, మూడు గ్లాసుల పరీక్ష చేశాను" అని తేదీ వేశాను. కరోనా 11 పేజీల అంచున నిలువుగా గీత గీసి "వాసన తెలియని రోజులు" అని రాశాను, వాటి మార్కులు ఎవరికీ చెప్పను. అయితే అడిగేవాళ్లకు ఇవాళ్టి మాట కావాలన్నది నిజం. అందుకని మళ్లీ తాగి చూసినవాటికి పేజీ పైన కుడి మూలలో చిన్న గడి గీసి ఇప్పటి మార్కులు వేస్తున్నాను. బామ్మర్ది ఇకపై ఫొటో తీసేది ఆ గడి ఉన్న పేజీలే. 189 మళ్లీ తూకం వేయాలన్న దిగులు పోయింది. ఏది మళ్లీ తాగితే దానికే గడి. కొత్త నోట్స్‌కు ప్యాకింగ్ తేదీ కోసం మొదటి గీతే కేటాయించాను. మైక్రోబ్రూవరీలో అయితే ఆ పీపా ఎప్పుడు తెరిచారో అడుగుతున్నాను. మొన్న ఒక కుర్రాడు లోపలికి వెళ్లి కనుక్కొని వచ్చి మరీ చెప్పాడు.

ఒక్క పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. 2019 జనవరి, హైదరాబాద్‌లో ఒక చిన్న మైక్రోబ్రూవరీ, గోధుమ బీరు, అయిదుకు అయిదు. నా నోట్‌బుక్ మొత్తంలో అయిదు పడింది దానికొక్కదానికే. ఆ రోజు నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగి, సాయంత్రం నేనూ తమ్ముడూ తేలికపడి కూర్చున్నాం. ఆ చోటు ఇప్పుడు లేదు, మూసేశారు. ఇప్పుడు తాగితే మూడున్నరే వేస్తానేమో. తాగి చూసే వీలు లేదు కాబట్టి దానికి గడి గీయలేదు. ఆపరేషన్ సంగతి ఆ పేజీలో రాయలేదని గమనించి, ఆకుపచ్చ పెన్నుతో అది ఒక్కటి కింద చేర్చాను.