రోజువారీ మందులకి ఇన్సూరెన్స్ ఇచ్చి "జనరిక్ రేటు వరకే" అంటే ఒప్పుకుంటారా?

తెనాలి_కుర్రోడు:
మా నాన్నకి షుగర్, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్నాయి. ఏటా ఫ్యామిలీ పాలసీ ప్రీమియం కడుతూనే ఉన్నాం కానీ నెలనెలా మందుల షాపులో పెట్టే డబ్బులకి ఒక్క రూపాయి రాదు, ఎందుకంటే ఆస్పత్రిలో చేరితేనే క్లెయిమ్, మా పాలసీలో అయితే చేరే ముందు 30 రోజులు, డిశ్చార్జి అయ్యాక 60 రోజులు, అది కూడా ఏ జబ్బుతో చేరాడో దానికి సంబంధించిన బిల్లులే తీసుకుంటారు. ఓపీడీ కవర్ (ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే వాటికి) అడిగితే వాళ్ళు ఇచ్చే లిమిట్‌కీ దానికి కట్టాల్సిన ఎక్స్‌ట్రా ప్రీమియంకీ పెద్ద తేడా కనపడలా. అందుకే అడుగుతున్నా, రోజువారీ మందులు కూడా పాలసీలో కలిపి "జనరిక్ (అదే మందు, పెద్ద కంపెనీ పేరు లేకుండా చవగ్గా దొరికేది) ధర వరకే ఇస్తాం, కంపెనీ మందే కావాలంటే మిగతాది నువ్వు పెట్టుకో" అని రూల్ పెడితే మీరు ఒప్పుకుంటారా? నేనైతే రెండో ఆలోచన లేకుండా ఒప్పుకుంటా.

ఓరుగల్లు_డాక్టర్:
నేను ఒప్పుకోను తమ్మీ. జనరిక్ అనంగనే అన్నీ ఒక్కటే అనుకుంటున్నరు. ఫిట్స్ పేషెంట్ ఫెనిటాయిన్ మీద మంచిగ స్టేబుల్‌గ ఉంటడు, షాపాయన ఇంకో కంపెనీది ఇస్తడు, రక్తంల మందు లెవల్ కొంచెం అటిటు అయినా మళ్ళ ఫిట్స్ వస్తయి. వార్ఫరిన్, లిథియం, కిడ్నీ మార్పిడి అయినోళ్ళు వాడే టాక్రోలిమస్, ఇవన్నీ గసొంటివే, డోసుకూ ప్రమాదానికీ నడుమ జాగ చానా తక్కువ. అప్పుడు ఇన్సూరెన్సోడు వచ్చి చూస్తడా? 2023 ఆగస్టుల జనరిక్ పేరే రాయాలె అని డాక్టర్ల మీద ఉండే జాతీయ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) రూల్ తెచ్చింది, డాక్టర్లు ఒప్పుకోలే, అదే నెలల పక్కకు పెట్టిన్రు. మేం బ్రాండ్ రాయకపోతే ఏ బ్రాండ్ ఇయ్యాల్నో షాపోళ్ళే తేలుస్తరు, దేంట్ల ఎక్కువ మిగుల్తదో అదే చేతుల పెడ్తరు.

మందులషాపు_పల్నాడు:
డాక్టరు గారూ అన్నీ మా మీదకి తోసెయ్యకండి. షెడ్యూల్ హెచ్ మందుకి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన దానికి, చీటీలో ఉన్న బ్రాండ్ బదులు ఇంకోటి ఇవ్వడానికి చట్టమే ఒప్పుకోదు, లోపలున్న అసలు మందు (సాల్ట్) అదే అయినా సరే. రాసేది మీరు, ఇవ్వలేకపోతే తిట్లు మాకు. ఇక మిగిలేదాని మాట దాచడం ఎందుకు, ట్రేడ్ జనరిక్స్ అని ఉంటాయి, ఎమ్మార్ (డాక్టర్ల దగ్గరికి తిరిగే కంపెనీ ప్రతినిధి) తిరగడు, ప్రచారం ఉండదు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర మాకు పదీ పదిహేను రూపాయలకి పడే షీటు మీద ఎమ్మార్పీ 80, 90 కొట్టి ఉంటుంది. మేం సగం తగ్గించి ఇచ్చినా కొనేవాడికి "అబ్బో డిస్కౌంట్" అనిపిస్తుంది. కాబట్టి తెనాలి తమ్ముడూ, నువ్వు "జనరిక్ రేటు" అన్నావే, ఆ రేటు ఏది, మాకు పడేదా, షీటు మీదదా, లేక ప్రభుత్వ చవక మందుల షాపు జన ఔషధిలోదా? ముందు అది తేలకపోతే ఇన్సూరెన్స్ వాడు షీటు మీద రేటే కడతాడు, లాభం మాకే 😄

మియాపూర్_ఐటీ:
పాయింట్.

జీడిమెట్ల_ఫార్ములేషన్:
ఇదే లైన్లో పనిచేస్తున్నా కాబట్టి ఒక్క మాట. ఇక్కడ అందరూ బ్రాండ్ ఒకవైపు జనరిక్ ఒకవైపు అన్నట్టు మాట్లాడుతున్నారు, మన దేశంలో మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్ లాంటి వాటి పేటెంట్లు ఎప్పుడో పోయాయి, డాక్టరు గారు రాసే బ్రాండ్ కూడా జనరిక్కే, దానికి ఒక పేరు పెట్టి ఎమ్మార్‌ని పంపుతారు అంతే తేడా. ఒకే ప్లాంట్‌లో ఒకే లైన్ మీద మూడు కంపెనీల పేర్లతో స్ట్రిప్పులు ప్యాక్ అవ్వడం ఈ ఇండస్ట్రీలో మామూలు విషయం.

బయోఈక్వివలెన్స్, అంటే జనరిక్ ఒరిజినల్‌లాగే ఒంట్లోకి చేరుతుందా అని చూసే టెస్ట్, గురించి కూడా తప్పుగా తిరుగుతోంది. అందులో పాస్ గీతలు 80 నుంచి 125 శాతం అంటే బిళ్ళలో మందు 20 శాతం తక్కువ ఉండొచ్చు అని వాట్సాప్‌లో పెడుతుంటారు. కాదండి. మనుషులకి ఒరిజినల్, జనరిక్ రెండూ ఇచ్చి రక్తంలోకి ఎంత చేరిందో చూస్తారు, ఆ నిష్పత్తికి వేసే 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల హద్దుల అంచనా) మొత్తం ఆ రెండు గీతల మధ్యే పడాలి. నిజంగా 20 శాతం తక్కువ చేరే మందు ఆ టెస్ట్ పాస్ అవ్వడం దాదాపు అసాధ్యం. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళు 1996 నుంచి 2007 దాకా వచ్చిన రెండు వేల పైచిలుకు స్టడీలు కలిపి చూస్తే, రక్తంలోకి చేరే మొత్తంలో సగటు తేడా మూడున్నర శాతం దగ్గర వచ్చింది.

ఓరుగల్లు_డాక్టర్:
అది అమెరికా లెక్క అన్నా. మనకాడ నీళ్ళల్ల సరిగ కరగని మందులకు, అంటే క్లాస్ 2, క్లాస్ 4 వాటికి, ఈ టెస్ట్ అందరూ చెయ్యాల్సిందే అన్న రూల్ 2017ల వచ్చింది. అంతకు ముందు రాష్ట్రాల లైసెన్స్ మీద వచ్చి ఇంకా షాపులల్ల తిరుగుతున్న మందుల సంగతేంది?

జీడిమెట్ల_ఫార్ములేషన్:
అది కరెక్ట్ డాక్టర్ గారూ, కాదనను. కానీ ఆ లోపం బ్రాండ్ పేరు ఉన్నవాటికీ ఉంది కదా, పాత లైసెన్స్ మీద నడిచే బ్రాండ్లు బోలెడు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు మందుకి చక్కగా బ్రాండ్ పేరుంది, డాక్టర్లే రాశారు, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది. పేరు చూసి కాదు, తయారు చేసినవాడిని ఎవరు తనిఖీ చేస్తున్నారో చూడాలి.

డల్లాస్_పిన్ని:
మీరు ఊహించుకుంటున్న సిస్టమ్‌లో మేం బతుకుతున్నాం బాబూ, అందుకే చెప్తున్నా. ఇక్కడ ఇన్సూరెన్స్ వాడి దగ్గర మందుల లిస్టు ఉంటుంది, దాన్ని మెట్లు మెట్లుగా పెడతాడు, జనరిక్ కింది మెట్టులో, మా ప్లాన్‌లో కోపే (ప్రతిసారీ మనం కట్టే వాటా) 10 డాలర్లు. బ్రాండే కావాలి అంటే కోపేతో పాటు రెండిటి ధర తేడా కూడా మన నెత్తినే. డాక్టర్ "రాసిందే ఇవ్వండి" అని ప్రత్యేకంగా రాస్తే తప్ప ఫార్మసీ వాళ్ళే జనరిక్ ఇచ్చేస్తారు, అడగరు కూడా. పది ప్రిస్క్రిప్షన్లలో తొమ్మిది జనరిక్కే, అందులో మన హైదరాబాద్‌ కంపెనీల పేర్లు తరచూ కనపడతాయి, డబ్బా తిప్పి చూసి సంబరపడుతుంటా. 1984లో వాళ్ళు చట్టం మార్చి జనరిక్స్‌కి దారి సులువు చేశారు కాబట్టి ఇదంతా సాధ్యమైంది.

కానీ తెనాలి బాబూ, దాంతో పాటు వచ్చే తలనొప్పి చెప్పాలి. డాక్టర్ ఒక మందు రాస్తే "ముందు ఈ చౌక మందు వాడి చూడు, పనిచెయ్యకపోతే అప్పుడు చూద్దాం" అంటాడు ఇన్సూరెన్స్ వాడు. ముందస్తు అనుమతి అని వారాలు తిప్పుతాడు. జనరిక్‌తో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు, ఆ ఫోన్లతోనే నా ప్రాణం పోయేది. ఇండియా నించి ఇక్కడికొచ్చే అమ్మానాన్నలు ఆవకాయ జాడీల పక్కన మందులు కూడా సర్దుకొచ్చేది ఎందుకనుకున్నారు మరి.

ఓరుగల్లు_డాక్టర్:
గదే నేను చెప్పేది! ఇయ్యాల రేటు వాడు డిసైడ్ చేస్తడు, రేపు మందు కూడా వాడే డిసైడ్ చేస్తడు.

మియాపూర్_ఐటీ:
సరే గానీ డాక్టర్ సాబ్, ఆస్పత్రి లోపల ఏం జరుగుతుందో ఎవరూ మాట్లాడరేం? చేరితే క్యాష్‌లెస్, ఫార్మసీ బిల్లు మొత్తం ఎమ్మార్పీ మీద, సెలైన్ నుంచి యాంటీబయాటిక్ దాకా వాళ్ళ ఫార్మసీలోనే కొనాలి. 2018లో మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు చూస్తే మందులు, సిరంజిలు లాంటి వాటి మీద మార్జిన్ కొన్నిటికి 1,737 శాతం దాకా ఉందని తేలింది. అక్కడ జనరిక్ అన్న మాటే ఎవడూ ఎత్తడు, ఇన్సూరెన్స్ వాడు కూడా కట్టేస్తాడు, తర్వాతి ఏడాది ప్రీమియం పెంచి మన దగ్గరే రాబడతాడు. అంటే ఖరీదైన మందుకేమో కవరేజీ ఉంది, ఆ ఆస్పత్రికి పోకుండా మనిషిని కాపాడే చవక బిళ్ళకి లేదు!! షుగర్ మందు మానేసినవాడే కదా రేపు డయాలసిస్‌కి, స్టెంట్‌కి వచ్చేది, ఆ లెక్క ఇన్సూరెన్స్ వాళ్ళకి తెలీదా? తెలుసు, కాకపోతే అప్పటికి కస్టమర్ వేరే కంపెనీకి పోర్ట్ అయిపోయి ఉంటాడు అని ధీమా. ఆయుష్మాన్ భారత్‌లో కూడా డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులే, పదహారో రోజు నుంచి పేదోడైనా సొంత డబ్బే.

తెనాలి_కుర్రోడు:
అన్నా అదే నా బాధ. మా నాన్న షుగర్‌కి వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ళ 60 రూపాయల దగ్గర ఉండేది, 2025 మార్చిలో పేటెంట్ అయిపోయాక వేరే కంపెనీలవి 10 లోపు కూడా వచ్చాయి. అయినా ఆయన పాతదే కావాలంటాడు, డాక్టర్ రాసింది మార్చకూడదంట. ఇన్సూరెన్స్ వాడు పదే ఇస్తా అంటే అప్పుడన్నా మారతాడేమో. డాక్టరు గారూ, ఫిట్స్ మందులూ కిడ్నీ మందులూ లాంటివి ఆ రూల్ నుంచి తీసేస్తే మీకు ఓకేనా?

ఓరుగల్లు_డాక్టర్:
ఎంపాగ్లిఫ్లోజిన్ మార్చుకోని, మంచి కంపెనీది చూసి తీసుకోని, ఇబ్బంది ఏం లేదు, మీ డాక్టర్‌కు ఒక మాట చెప్పున్రి. థైరాయిడ్ గోళీ మాత్రం ఊకె ఊకె మార్చొద్దు, ఎప్పుడన్నా మారిస్తే ఆరు వారాలకు థైరాయిడ్ రక్త పరీక్ష (టీఎస్‌హెచ్) చేపియ్యున్రి. ఇగ నీ రూల్ అంటవా, గసొంటి మందులు తీసేసి, ఏది తియ్యాల్నో లిస్టు డాక్టర్లు చేస్తే ఆలోచిస్త. ఇన్సూరెన్స్ కంపెనీ చేస్తే మాత్రం కాదు.

జీడిమెట్ల_ఫార్ములేషన్:
రేటు ఏది అని షాపు అన్న అడిగినదానికి ఎవరూ జవాబివ్వలా. ప్రభుత్వం సీలింగ్ ధర (ఇంతకు మించి అమ్మకూడదన్న ధర) పెట్టొచ్చు అనుకోకండి, 2013 మందుల ధరల నియంత్రణ ఆర్డర్ ప్రకారం అది మార్కెట్‌లో ఒక శాతం పైన వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసుకుని దాని మీద షాపుకి 16 శాతం కలిపి కట్టింది, అంటే అది బ్రాండ్ల రేటే. జన ఔషధి ధరని కొలతగా పెట్టాలి, తేడా ఏదైనా ఉంటే అందులోనే తెలుస్తుంది.

మందులషాపు_పల్నాడు:
జన ఔషధి ధర పెడితే పెట్టండి, మా ఊరి జన ఔషధిలో ఒక్క మందుండేవి సరిగ్గానే దొరుకుతాయి, ఒకే బిళ్ళలో రెండు మూడు మందులు కలిపినవి అడిగితే లేదంటారు, డాక్టర్లు ఎక్కువ రాసేదేమో అవే. అప్పుడు మా దగ్గరికే వస్తారు, తేడా డబ్బు మీరే కట్టుకోవాలి. తెనాలి తమ్ముడూ, మీ నాన్నగారి చీటీలో ఎన్ని కాంబినేషన్లు ఉన్నాయో చూసి ఇక్కడ పెట్టు, పేరూ ఊరూ తీసేసి.