థాయ్‌లో 'నేను' అనాలంటే ముందు వయసు తేల్చుకోవాలి

"థాయ్‌లో 'నేను'ని ఏమంటారు?" అన్న ప్రశ్నకి కింద మూడు జవాబులొచ్చాయి. మూడూ సరైనవే. మగవాళ్లు మర్యాదగా మాట్లాడేటప్పుడు 'ఫోమ్', ఆడవాళ్లు సభల్లోనో ఆఫీసు వ్యవహారాల్లోనో 'దిఛన్', కాస్త చనువున్న చోట 'ఛన్'. కానీ ఇంట్లో, బజార్లో ఎక్కువగా వినపడేవి ఇవి కావు, వరసలు. తనకంటే చిన్నవాళ్లతో మాట్లాడే మనిషి తనని 'ఫీ' అనుకుంటాడు, ఎదుటివాళ్లని 'నోంగ్' అంటాడు. "ఫీ తెస్తా, నోంగ్ కూర్చో" అంటే నేను తెస్తాను, నువ్వు కూర్చో అని. మనం పసిపిల్లలతో "అమ్మ వస్తోంది, ఉండు" అన్నట్టే, కాకపోతే అక్కడ ముక్కూముఖం తెలియని పెద్దవాళ్ల మధ్య కూడా ఇదే నడుస్తుంది. అమ్మాయిలు టీచర్ల దగ్గర, పెద్దల దగ్గర తమని 'నూ' అనుకుంటారు. ఆ మాటకి ఎలుక అని అర్థం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 'ఫీ' అంటే అన్నా కావచ్చు, అక్కా కావచ్చు. 'నోంగ్' తమ్ముడూ అవుతుంది, చెల్లీ అవుతుంది. ఆడా మగా తేడా చెప్పాలంటే పక్కన ఇంకో మాట చేర్చాలి. పెద్ద చిన్న తేడా మాత్రం మాటలోనే ఉంది, తప్పించుకోలేం. అమ్మానాన్నల తోబుట్టువుల వరసలు ఇంకా తమాషాగా ఉంటాయి. వాళ్లకంటే పెద్దవాళ్లయితే మగవాళ్లు 'లుంగ్', ఆడవాళ్లు 'పా', అమ్మవైపా నాన్నవైపా అన్నది పట్టింపు లేదు. చిన్నవాళ్లయితే అమ్మవైపు 'నా', నాన్నవైపు 'ఆ', అప్పుడు ఆడా మగా పట్టింపు లేదు. మేనమామని, బాబాయిని ఎప్పుడూ విడదీసే మన వరసల్లో పెళ్లి సంబంధాల లెక్క ఉంది. వాళ్ల వరసల్లో అన్నిటికంటే ముందు వచ్చేది వయసు. అందుకే దుకాణం నడిపే మధ్యవయసు ఆవిడని 'పా' అని పిలిస్తే నొచ్చుకుంటుందని 'ఫీ' అనేవాళ్లే ఎక్కువ.

ఆడా మగా సంగతి వాక్యం చివర తేలుతుంది. మగవాళ్లు 'ఖ్రప్', ఆడవాళ్లు 'ఖ' చేరుస్తారు. దీన్ని మన 'అండి'తో పోల్చడం సగమే సరి. 'అండి' వినేవాళ్ల గౌరవం చెబుతుంది, 'ఖ్రప్' ఆ గౌరవంతో పాటు అంటున్నది ఎవరో కూడా చెబుతుంది. ఆడవాళ్లుగా బతికే ట్రాన్స్ మహిళలు 'ఖ' అనే అంటారు. వాళ్లకి ఆ ఒక్క అక్షరం చాలా పెద్ద విషయం.

"ఇదంతా రాజరికం నేర్పిన అణకువే కదా" అన్న వ్యాఖ్యతో నేను పూర్తిగా ఏకీభవించను. రాజభాష వేరే ఉంది, దాని పేరు 'రాచాసప్', అంటే మన రాజశబ్దమే. అందులో రాజుగారి కన్ను 'ఫ్ర నేత్', చెయ్యి 'ఫ్ర హత్', పాదం 'ఫ్ర బాత్'. నేత్రం, హస్తం, పాదం మనకి ఇట్టే తెలిసిపోతాయి. తినడానికి మామూలుగా 'కిన్', బౌద్ధ భిక్షువులకి 'ఛన్', రాజుకి కంబోడియా భాష ఖ్మేర్ నుంచి వచ్చిన 'సవోయ్'. ఇది పైనుంచి వచ్చిందే, ఒప్పుకుంటాను. వరసలతో పిలుచుకోవడం మాత్రం ఊళ్లలో, ఇళ్లలో పుట్టింది.

పైనుంచి మార్చబోతే ఏమైందో కూడా చూడండి. 1942లో ప్రధాని ఫిబున్ సొంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం అందరూ 'నేను'కి 'ఛన్', 'మీరు'కి 'థాన్' అనే రెండు మాటలే వాడాలంది, లిపిలో ఒకే ధ్వని ఉన్న అక్షరాలు కొన్నిటిని తీసేసింది. 1944లో ఆయన దిగిపోయాక ఆ సంస్కరణలు రద్దయ్యాయి. జనం మళ్లీ ఫీ, నోంగ్, నూ అనుకున్నారు.

'నేను'కి ఇంకో పాత మాట 'కూ', దాని చరిత్ర మరీ ఆసక్తికరం. 1292 నాటిదని చెప్పే రామ్‌ఖమ్‌హేంగ్ అనే రాజు శాసనంలో ఆయన "నా తండ్రి" అనడానికి 'ఫో కూ' అన్నాడు. ఇప్పుడు కొత్తవాళ్ల ముందు 'కూ' అంటే తిట్టినట్టే, ప్రాణస్నేహితుల మధ్య అయితే అదే చనువు.

థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతమైన ఈశాన్‌వాళ్ల సంగతి కూడా చర్చించాలి. ఇంట్లో లావో భాషకి దగ్గరైన యాసలో తనని 'ఖోయ్' అనుకునే మనిషి బ్యాంకాక్ ఆఫీసులో 'ఫోమ్' అయిపోతాడు, యాస బయటపడితే పల్లెటూరివాడంటారని. బ్యాంకాక్‌లో ఉంటున్న తెలుగువాళ్లెవరైనా ఉంటే, మీకంటే చిన్న వయసు మేనేజరు మిమ్మల్ని ఏమని పిలుస్తారో, మీరేమంటారో రాయండి.