ఇంటి పర్మిషన్ తీసుకుని చర్చి కడుతున్నరు: మా కాలనీవాళ్లం అడ్డం చెప్పొచ్చా?

గోపాల్‌పూర్ గల్లీ:

అందరికి నమస్తే. మాది హన్మకొండల గోపాల్‌పూర్ దిక్కు ఒక కాలనీ, పేరు ఎందుకులెండి. పాత లేఅవుట్, 30 ఫీట్ల రోడ్లు, నూరు దాకా ఇండ్లు. నేను కాలనీ కమిటీల ఉన్న. మూలమలుపు కాడ 300 గజాల ప్లాటు ఒక పాస్టర్‌గారు కొన్నరు. ఇల్లు కట్టుకుంటున్నరనుకున్నం. ముగ్గు పోసిన్నాడు కొబ్బరికాయ కొట్టలే, సరే, వాళ్ల పద్ధతి వాళ్లది అనుకున్నం. స్లాబ్ పడి సెంట్రింగ్ ఇప్పినంక చూస్తే లోపట అడ్డగోడలు లేవు. మొత్తం ఒకటే హాలు. పోర్టికో మీద సిలువ నిలబెట్టెతందుకు ఇనుప చట్రం లేపిండ్రు. అడిగితే "ఆదివారం కింద ప్రార్థన జరుగుతది, పైన మా కుటుంబం ఉంటది" అని ఆయన నెమ్మదిగనే చెప్పిండు.

కమిటీ మీటింగ్ పెడితే లొల్లి లొల్లి. నలభై సంతకాలైనయి. సోమవారం ప్రజావాణిల దరఖాస్తు ఇయ్యాలని తీర్మానం. "నివాస ప్రాంతంలో చర్చి నిర్మాణం వల్ల శాంతిభద్రతలకు భంగం" అని రాసిండ్రు. నేను చదువుకున్నదే కాజీపేటల ఫాదర్ల బడిల, ఆ వాక్యం కింద సంతకం పెట్టెతందుకు చెయ్యి ఆడుతలేదు. కానీ ఇంటికని పర్మిషన్ తీసుకుని హాలు కట్టుడు కూడా నాకు మింగుడు పడ్తలేదు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పోచమ్మమైదాన్ పోరడు:

గిండ్ల అడిగెతందుకు ఏమున్నదన్నా, ఆపాలె. ఇయ్యాల హాలు అంటాన్లు, రేపు మైకు పెడ్తరు, ఎల్లుండి పక్క ప్లాటు కూడా కొంటరు. స్లాబ్ మీద స్లాబ్ పడ్డంక ఎవ్వడూ ఏం చెయ్యలేడు. నలభై సంతకాలు సాలయి, నూరు చేయించు.

రిటైర్డ్ ప్లానింగు:

ఈ శాఖలోనే పనిచేసి రిటైరైనవాణ్ని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

సంతకాలు నూరైనా వెయ్యైనా ఫైలులో వాటి బరువు తక్కువే. "మాకు ఇష్టం లేదు" అంటే దరఖాస్తు తీసుకునే క్లర్కు కూడా తలెత్తి చూడడు. చూసేది అనుమతి కాగితం. 2020లో కట్టడాల అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక, 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల లోపు ఎత్తున ఇల్లు కట్టుకునేవాళ్లకు సొంత పూచీ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. 300 గజాలంటే సుమారు 250 చదరపు మీటర్లు, కాబట్టి ఆయన ఆ దారిలోనే తీసుకుని ఉంటాడు. అయితే ఆ సులువు ఇంటికి మాత్రమే. ఇల్లు కానిదేదైనా, అంటే బడి గానీ క్లినిక్ గానీ ప్రార్థనా మందిరం గానీ, సింగిల్ విండోలో, అంటే అనుమతులన్నీ ఒకేచోట చూసే పద్ధతిలో, పెట్టుకోవాలి. 21 రోజుల గడువులో ప్లాను పరిశీలిస్తారు. ప్రార్థనా మందిరమైతే పోలీసు, రెవెన్యూ నివేదికల మీద కలెక్టర్ దగ్గర్నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కూడా అడుగుతారు. ఇల్లని పూచీ రాసిచ్చి వేరేది కడితే ఆ అనుమతి నిలవదు. నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది.

ఇదంతా మీకు అనుకూలం. ఇప్పుడు అనుకూలం కానిది చెప్తాను. నివాస జోన్ అంటే ఇళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని కాదు. జనం ఉన్నచోటే బడి, దుకాణం, గుడి ఉంటాయి. జోనింగ్ నిబంధనలు రాసేటప్పుడే వాటికి చోటు పెడతారు. ఆయన రేపు ఆ ఇంటి ప్లాను వెనక్కి తీసుకుని, పార్కింగ్ చూపించి, కట్టడం చుట్టూ సెట్‌బ్యాక్ ఖాళీ జాగ వదిలి, ప్రార్థనా మందిరమనే దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకుంటే అప్పుడు మీ కమిటీ ఏమంటుంది? దానికి జవాబు ఇప్పుడే ఆలోచించుకోండి.

గోపాల్‌పూర్ గల్లీ:

సార్, మీటింగుల ఆ ప్రశ్న ఎవ్వరూ అడగలే.

భీమారం అక్క:

నేను చర్చికి పోయేదాన్ని. ఆ పాస్టర్‌గారెవరో నాకు తెల్వదు. కానీ ఇంటి పర్మిషన్ మీద ఎందుకు కడతరో తెలుసు.

మా సంఘం పన్నెండేండ్లల్ల నాలుగు చోట్లు మారింది. మొదలు ఒక అన్న ఇంటి డాబా మీద రేకుల షెడ్డు. ఎండకాలం పిల్లలు సొమ్మసిల్లి పడ్డరు. తర్వాత కిరాయి హాలు. ఓనరు మంచోడే, చుట్టుపక్కలోళ్లు అడుగుడు మొదలువెట్టంగనే "అమ్మా, నాకెందుకొచ్చిన లొల్లి" అని ఖాళీ చేయమన్నడు. జాగ కొందామంటే, చర్చికని చెప్తే అమ్మరు. ఒక్కాయన బయానా తీసుకుని కూడా వాపస్ ఇచ్చిండు. ఊరవతల కొనుక్కోండ్రి అంటరు. మా దగ్గరికొచ్చే ముసలమ్మలకు మోకాళ్ల నొప్పులు, ఊరవతలికి ఆటోకు రానుపోను ఎంతైతదో లెక్క కట్టుండ్రి. కలెక్టర్ ఎన్ఓసీ అని సార్ సులువుగ చెప్పిండు. మేం ఆ ఫైలు పెట్టి తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నం.

హన్మకొండల బాప్టిస్టు మిషన్ వచ్చింది 1879ల. కాజీపేట ఫాతిమా కెథడ్రల్, డోర్నకల్ కెథడ్రల్, ఇవన్నీ చూసి "చర్చంటే ఇట్లుండాలె, పెద్ద ఆవరణ, చెట్లు" అంటరు. నిజమే, వాళ్లకు ఎకరాలు దొరికిన కాలమది. ఊరే వాటి చుట్టూ పెరిగింది. మాకు దొరికేది మూలమలుపు కాడ మూడు వందల గజాలు.

తప్పు లేదని అంటలేను. ఇల్లని రాసి హాలు కట్టుడు తప్పే. మా సంఘంల కూడా నేనిదే మాట అంటె నన్ను విశ్వాసం లేనిదాన్ని చూసినట్టు చూసిండ్రు.

పోచమ్మమైదాన్ పోరడు:

అక్కా, మీ బాధ సరే. మరి మా కాలనీలే దొరికినయా?

భీమారం అక్క:

తమ్మీ, మేమూ కాలనీలల్లనే ఉంటం కదా. కరెంటు బిల్లు మాకూ వస్తది.

వడ్డేపల్లి వాసి:

ఇద్దరు చెప్పిందీ విన్నాను. నేను గోడకు ఇవతల ఉన్నవాణ్ని. మా పక్కింట్లో ఆరేళ్లుగా ప్రార్థనలు జరుగుతున్నాయి.

మాకు ఇబ్బంది పాటలతో కాదు. చిన్నప్పుడు క్రిస్మస్‌కు కేకు తిన్నోళ్లమే. ఇబ్బంది ఏమిటంటే ఆదివారం పొద్దున తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా మా గేటు ముందు నలభై బండ్లు, నాలుగైదు ఆటోలు. ఒకసారి మా బాపుకు ఆయాసం వస్తే కారు బయటికి తీయడానికి పావుగంట పట్టింది. లోపలికి పోయి మైకులో బండి నంబరు చెప్పించాల్సి వచ్చింది. డ్రమ్ము కొడితే గోడకు ఆనించిన మంచం అదురుతుంది. నెలకోసారి రాత్రంతా ప్రార్థన. పిల్లకు ఇంటర్ పరీక్షలు.

నేను దరఖాస్తు పెట్టలేదు, పోయి కూర్చుని మాట్లాడాను. పాస్టర్ గారు వినే మనిషి. బండ్లు దగ్గర్లోని ఖాళీ ప్లాటులో పెట్టిస్తున్నారు, ఇద్దరు పోరగాళ్లు నిలబడి చూసుకుంటారు. బాక్సులు లోపలికి తిప్పారు. డ్రమ్ము మాత్రం పోలేదు. ఆ డ్రమ్ము కొట్టే పిల్లగాడికి నా మీద ఏదో పగ ఉన్నట్టుంది.

రిటైర్డ్ ప్లానింగు:

వడ్డేపల్లి వాసి గారు రాసింది ఫైలులో పనికొచ్చే అభ్యంతరం. పార్కింగ్, దారి, శబ్దం. వీటిని కొలవొచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు కుదరదు.

అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి తగువే వచ్చింది. చెన్నైలో మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘం ఒకవైపు, చర్చ్ ఆఫ్ గాడ్ ఒకవైపు. డ్రమ్ములు, గిటార్లు, మైకులు. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు తేల్చింది. ఈ తీర్పును మన దగ్గర చాలామంది సగమే చెప్తారు. అక్కడ చర్చిని మూసెయ్యమనలేదు, శబ్దం తగ్గించమన్నారు. మైకు మీద కోపంతో గోడ కూలగొట్టమంటే ఆ తీర్పు మీకు అక్కరకు రాదు.

డల్లాస్‌లో ఓరుగల్లు:

నయీంనగర్‌లో పుట్టి ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఈ తగువు చదువుతుంటే ఏదో అద్దంలో చూసుకున్నట్టుంది. మేమిక్కడ గుడి కోసం జాగ కొన్నప్పుడు అచ్చం ఇదే జరిగింది. ఊరి జోనింగ్ బోర్డు బహిరంగ విచారణ పెట్టింది. ఒక్కొక్కరు మైకు ముందుకొచ్చి మూడేసి నిమిషాలు మాట్లాడారు. ట్రాఫిక్, పార్కింగ్, గంటల చప్పుడు. ఒక పెద్దావిడ, పాపం చాలా మర్యాదగా, "మా వీధి స్వభావం మారిపోతుంది" అంది. ఆ మాటకు అర్థం ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. ఇక్కడ 2000లో ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. జోనింగ్ పేరు చెప్పి ప్రార్థనాలయం మీద మోయలేని భారం పెట్టకూడదు, మిగతా సభాస్థలాలకు లేని షరతు దానికి పెట్టకూడదు. మాకు అనుమతి వచ్చింది, పార్కింగ్ చోట్లు లెక్కకట్టి మరీ.

ఇంకో ముచ్చట. న్యూయార్క్ ఫ్లషింగ్‌లో ఇళ్ల మధ్యన ఉన్న గణేశుని గుడికి 1977లో కుంభాభిషేకం జరిగింది. అది ఉన్న వీధి పేరు బౌన్ స్ట్రీట్. ఆ బౌన్ అనే ఆయన 1662లో తన ఇంట్లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లను ప్రార్థనకు కూర్చోబెట్టినందుకు అరెస్టయ్యాడు. ఇంట్లో ప్రార్థన పెడితే పట్టుకుపోయిన మనిషి పేరున్న వీధిలో మన వినాయకుడు కూర్చున్నాడు. ఇడ్లీలు కూడా బాగుంటాయి అక్కడ.

పోచమ్మమైదాన్ పోరడు:

అన్నా, అమెరికా ముచ్చట అమెరికాల. గాడ మనం తక్కువ మందిమి.

డల్లాస్‌లో ఓరుగల్లు:

నేనూ అదే చెప్తున్నా తమ్మీ. ఇక్కడ తక్కువ మందిమైనప్పుడు ఏ న్యాయం అడిగామో, అక్కడ ఎక్కువ మందిమైనప్పుడు అదే ఇవ్వాలి కదా.

మాడరేటర్:

రెండు కామెంట్లు తీసేశాం. మతమార్పిడుల చర్చ ఇక్కడ వద్దు. ఇది కట్టడం గురించి, కట్టడం గురించే రాయండి.

చెరువుగట్టు:

అందరు మస్తు చెప్పిండ్రు. గోపాల్‌పూరన్నా, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. మీ కాలనీల గుడి ఉన్నదా? ఉంటే ఏ జాగల ఉన్నది?

గోపాల్‌పూర్ గల్లీ:

ఉన్నది. ఆంజనేయస్వామి గుడి. లేఅవుట్‌ల పార్కుకు ఇడిసిన జాగల.

చెరువుగట్టు:

నాకెర్కనే. మా కాలనీల కూడా గట్లనే. లేఅవుట్‌ల పది శాతం ఓపెన్ ప్లేస్ అందరి కోసం ఇడుస్తరు. అందుల గుడి, గుడి పక్కన కమిటీ హాలు, హాలు పక్కన పూజారికి రూము. పిల్లలు ఆడుకునేది రోడ్ల మీద. ఆ పాస్టర్ సొంత పైసలతోని కొన్న ప్లాటుల కట్టిండు, రాంగ్ పర్మిషనే. మనం అందరి జాగల కట్టినం, పర్మిషనే లేదు. 2009 సెప్టెంబరుల సుప్రీంకోర్టు చెప్పింది గదా, పార్కులు, రోడ్లు, బహిరంగ స్థలాలల్ల గుడైనా చర్చైనా మసీదైనా కొత్తగ కట్టనియ్యొద్దని. మీ గుడి ఎప్పుడు కట్టిండ్రు?

గోపాల్‌పూర్ గల్లీ:

2014ల. ప్రారంభం నాడు అన్నదానానికి వడ్డించింది నేనే.

పోచమ్మమైదాన్ పోరడు:

గుడిని దీంట్లకు గుంజుడు ఏందన్నా? గుడి అందరిది.

వడ్డేపల్లి వాసి:

అందరిదైతే ఆ పార్కూ అందరిదే కదా తమ్ముడూ. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వినాయక నవరాత్రుల్లో మా గల్లీ మధ్యన మండపం వేసి దారి మొత్తం మూసేస్తాం. అప్పుడు కూడా మా బాపు ఆ ఇంట్లోనే ఉన్నాడు. నేనేమీ అడగలేదు. చందా రాశాను.

భీమారం అక్క:

గుడి తీసెయ్యమని మేమెవ్వరం అడుగుతలేం. అట్ల అడిగితే మాకే మొదలు దెబ్బ. పెట్టే షరతు ఏదైనా ఇద్దరికీ ఒకటే పెట్టుండ్రి, అంతే.

రిటైర్డ్ ప్లానింగు:

కార్యదర్శి గారైనా, మీరెవరైనా, ఆ దరఖాస్తులో "శాంతిభద్రతలు" అనే మాట కొట్టేయండి. ఆ మాట పడితే ఫైలు ప్లానింగు బల్ల మీద నుంచి పోలీసు బల్ల మీదికి పోతుంది. తర్వాత దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు.

గోపాల్‌పూర్ గల్లీ:

నిన్న పొద్దుగాల పాస్టర్‌గారి ఇంటికి పోయిన. చాయ్ తాగినం. అనుమతి కాయితం చూపెట్టుమంటే చూపెట్టిండు. సార్ చెప్పినట్టే, ఇంటిదే. "మందిరమని పెడితే మీరే సంతకాలు చేస్తరని భయపడ్డ సార్" అన్నడు. నాకు జవాబు రాలే, ఎందుకంటే సంతకాల కాయితం నా సంచిలనే ఉన్నది.

రాత్రి కూసొని కొత్తది రాసిన. ఇంటి అనుమతి మీద ఇల్లు కానిది కడుతున్నరు, తనిఖీ చేసి, సరైన పద్ధతిల దరఖాస్తు పెట్టుకునేటట్టు చూడాలె. పార్కింగ్ జాగ ప్లానుల చూపెట్టాలె. మైకు హాలు దాటొద్దు. ఇవి మూడే. శాంతిభద్రతల ముచ్చట కొట్టేసిన. ఇది కమిటీల చదివితే నలభైల పద్దెనిమిది మంది మళ్ల సంతకం పెట్టిండ్రు. మిగతావాళ్లు పాత కాయితమే కావాలె అన్నరు. వాళ్లు వేరే పోతరట.

చెరువుగట్టు:

గుడి మైకు సంగతి రాసినవా?

గోపాల్‌పూర్ గల్లీ:

"కాలనీలోని ప్రార్థనా మందిరాలన్నిటికీ" అని రాసిన. అధ్యక్షుడు చదివి ఆ "అన్నిటికీ" కాడ ఆగి, కండ్లద్దాలు తీసి నా మొఖం చూసిండు. సంతకమైతే ఇంకా పెట్టలే.