అప్‌డేట్: దారిలో ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాని పాత డీజిల్ పికప్, కారణం దొరికింది

అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడుతో తణుకు వెళ్తుంటే సిద్ధాంతం వంతెన దగ్గర బండి ఆగిపోతోందని, సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోవడం లేదని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్ అండి.

"డీజిల్ లైన్లో గాలి పీలుస్తోందేమో" అన్న అన్నయ్య మాటే నిజమైంది. రావులపాలెంలో మెకానిక్ ఫిల్టర్‌కి ముందు లోపలికి కనిపించే ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి ఇంజన్ నడిపితే బుడగలు వరసగా వచ్చాయి. ట్యాంకు దగ్గర రబ్బరు పైపు క్లిప్పు కింద సన్నగా చిట్లింది. అది పంపు పీల్చుకునే వైపు. అందుకే బండి నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కింద చుక్క కూడా కనపడకపోవడానికి కారణం ఇదే. ట్యాంకు సగానికి దిగాకే ఎందుకు ఆగేదో కూడా తెలిసింది: మట్టం తగ్గేకొద్దీ పంపు ఇంకా గట్టిగా లాగాలి.

పైపు, క్లిప్పులు మార్చి, డీజిల్ లైన్లో ఉండే చేతిపంపు కొట్టి గాలి తీశారు. అప్పటి నుంచి నిండు లోడుతో కూడా ఎక్కడా ఆగలేదు.

బ్యాటరీకి, ఇంజన్ ఆపడానికి డీజిల్ కట్ చేసే స్టాప్ సోలినాయిడ్‌కి దీంతో సంబంధం లేదు. ఫిల్టర్ అడుగున కొంచెం నీళ్లుంటే తీసేశారు గానీ కారణం అది కాదు. ఇదే లక్షణం ఉన్నవాళ్లు డీజిల్ పంపు విప్పించే ముందు ఆ పైపు ముక్క పరీక్ష చేయించండి.